ఇంటి ముచ్చటలు: మీసములరిగిన చేపలు

ఈ నెల మేము వ్రాయబోవు విషయము వంటయింటికి సంబంధించినది కాదు, పెరటికి సంబంధించినదియు కాదు. ముందుగదిలో కిటికీప్రక్క బల్లమీదనున్న గాజుతొట్టికి సంబంధించినది. అది యొక ముచ్చటవస్తువు గదా, దానికి పత్రికలో నిన్ని పుటలేలయని కొందఱకు తోపవచ్చును. రెండేండ్ల క్రిందట మాకును నట్లే తోచెడిది. కాని పసిబిడ్డ చచ్చిన చేపను అరచేతిలో పెట్టుకొని యేడ్చుచు వంటయింటి గుమ్మములో నిలిచినప్పుడు, ఏ తల్లియు దానిని ముచ్చటవస్తువని కొట్టివేయజాలదు.

మాది నెమలి. తిరువూరు ప్రాంతమున, గంపలగూడెము మండలములోని గ్రామము. శ్రీ వేణుగోపాలస్వామివారి యాలయమువలన దూరప్రాంతములవారికిని మా యూరిపేరు తెలియును. 2022లో జిల్లాలను విభజించినప్పుడు మేము కృష్ణాజిల్లావారము గాక ఎన్.టి.ఆర్. జిల్లావారమైతిమి, మా యెండలును మా వాగులును మాత్రము మాఱలేదు. మా చిన్నమ్మాయికి యెనిమిదవయేడు నిండిన దినమున మా వారు విజయవాడనుండి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు యెత్తు గల గాజుతొట్టిని తెచ్చిరి. దానితోపాటు ఒక ఫిల్టరుమోటారు, ఎఱుపు, నీలము, పసుపు రంగులు పూసిన గులకరాళ్లు ఒక సంచెడు, ఆఱు చిన్న చేపలు. అంగడివాడు వానిని ‘కోరీలు’ అనెనట. అడుగున తిరుగును, పడినదెల్ల తినును, తొట్టి తుడిచినట్లుండునని చెప్పి యిచ్చెనట.

‘తొట్టి తుడుచును’ అను మాటయందే మోసమున్నది. ఇంట పనిచేయువారి నెవరినైనను, వీరికి వేఱుగ తిండి యక్కఱలేదు, మిగిలినది తిని బ్రదుకుదురని మనము చెప్పినచో నెట్లుండునో యిదియు నట్లే. అడుగున తిరుగు చేపకు అడుగే యిల్లు, అడుగే వాకిలి, అడుగే విస్తరి. ఆ అడుగెట్లున్నదో చూడక మేము పదునాలుగు మాసములు గడపితిమి.

మొన్నటి వైశాఖమాసములో నొకనాటి యుదయమున మా యమ్మాయి గాజుకు ముక్కు ఆనించి చూచుచు, “అమ్మా, వీటికి మీసాలేవీ?” అని యడిగెను. మేము కంటియద్దాలు పెట్టుకొని చూచితిమి. నిజమే. కొన్నదినమున నోటికిరుప్రక్కల సన్నని దారములవలె వ్రేలాడుచుండిన తీగెలు నాలుగు చేపలకు మొదలంట అరిగియున్నవి. మిగిలిన రెంటికి సగమే మిగిలినవి. మూతులు ఎఱ్ఱబాఱియున్నవి.

ఈ మీసములు అలంకారము కొఱకు గావు. కోరీచేప దక్షిణ అమెరికాలోని యేళ్లకును వాగులకును చెందిన జాతి. వీనిలో అంగళ్లలో తఱచుగ గానవచ్చు కంచురంగు చేపను, ట్రినిడాడు ద్వీపమునుండి వచ్చినదానిని చూచి, గిల్ అను అమెరికా పండితుడు 1858లో మొదట వర్ణించెను. నేడు మన యంగళ్లలో అమ్మునవి పెక్కులు అచ్చటి యేటిలో పట్టినవి గాక తొట్లలో పుట్టి పెరిగినవే. చెన్నపట్టణములోని కొళత్తూరువంటి చోట్ల అలంకారపు చేపలను పెంచుట, అమ్ముట యొక పెద్ద జీవనవృత్తియైనది. ఎచ్చట పుట్టినను వాని నడవడి యేటినడవడియే. నోరు క్రిందివైపునకుండును. మీసములతో తడవి రుచి చూచును. ఇచ్చట తిండి కలదని తోచినప్పుడు మూతిని కన్నులదాక నిసుకలో గ్రుచ్చి, ఒక నోటెడు ఇసుకను పుచ్చుకొని, తినదగినదానిని నిలుపుకొని, మిగిలిన యిసుకను మొప్పలగుండ వెలుపలికి విడుచును. చాటలో బియ్యము పోసికొని, కన్నులు వీథివైపున్నను, వ్రేళ్లతోనే రాళ్లేరు పెద్దలను మీరు చూచియుందురు. ఆ వ్రేళ్లకు నేర్పెట్టిదో యీ మీసములకును నట్టిదే. అట్టిదానిని మేము రంగురాళ్లమీద విడిచితిమి. రాయి నోట పట్టదు. సందున పడిన తిండి యందదు. అందుకొనబోయిన మూతి గీసికొనును.

మేమప్పటికి ఇంత తెలిసినవారము గాము. ఒక గరిటె తీసికొని రాళ్లను కదలించి చూచితిమి. క్రిందినుండి గోధుమరంగు మురికి పొగవలె లేచెను. పదునాలుగు మాసముల తిండియు, చేపల మలమును రాళ్ల సందులలో దిగి కుళ్లుచున్నది. పైనుండి చూచిన నద్దమువలె శుభ్రము! మా మనసునకు రోతపుట్టినది. రోతలో చేసిన పని యెన్నడును మంచిదికాదు. ఆ మధ్యాహ్నమే చేపలను బకెట్టులో వేసి, తొట్టిని ఖాళీచేసి, రాళ్లను కుళాయిక్రింద పెట్టి మూడుమాఱులు తోమితిమి. గాజును చింతపండుతో నిత్తడిబిందెను తోమినట్లు మెఱయించితిమి. ఫిల్టరులోని స్పంజిని తెల్లగా నగువఱకు పిండితిమి. క్రొత్తనీరు పోసి, చేపలను విడిచి, ఇల్లాలిననిపించుకొంటిమని సంతసించితిమి.

మూడవనాడు చేపలు పైకి రాజొచ్చినవి. కోరీచేప అప్పుడప్పుడు పైకి వచ్చి గాలిగ్రుక్క మింగి ప్రేగులతో పీల్చుకొనుట దానికి సహజము. బురదనీటిలో బ్రదుకుటకు దానికి దేవుడిచ్చిన యుపాయమది. కావున మేము మొదట పట్టించుకొనలేదు. సాయంకాలమునకు నిమిషనిమిషమునకు వచ్చుచుండెను. మఱునాటి యుదయమునకు రెండు చేపలు వెల్లకిల పడియుండెను. మా యమ్మాయి వానిని చేతిలోనికి తీసికొని వచ్చి యడిగిన ప్రశ్న మాకింకను చెవిలో నున్నది: “ఇల్లు శుభ్రం చేస్తే చచ్చిపోతారా అమ్మా?”

చత్తురు. అది యెట్లో తెలిసికొనుటకు మాకు కొన్ని దినములు పట్టినది. చేపల మలమునుండియు, మిగిలిన తిండి కుళ్లుటనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. తొట్టిలో కంటికి గానరాని సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. మఱికొన్ని యా నైట్రైటును నైట్రేటుగా మార్చును; ఇది మితముగ నున్నంతవఱకు చేపలకంతగా హానిచేయదు, వారమునకొకమాఱు కొంత నీరు మార్చిన పోవును. ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుచుండునవి గావు. రాళ్లమీదను, ఇసుకరేణువులమీదను, అన్నిటికంటె ముఖ్యముగ ఫిల్టరు స్పంజిలోను జిగటగా నంటుకొని కాపురముండును. క్రొత్త తొట్టిలో నివి నిలదొక్కుకొనుటకు నాలుగునుండి యాఱు వారములు పట్టును. మేము రాళ్లు తోమి, గాజు తోమి, స్పంజి పిండి, అదియు బ్లీచింగుపొడి కలిసిన పంచాయతి కుళాయినీటితో, ఒక్క గడియలో వానిని నాశనము చేసితిమి. పైగా వైశాఖపుటెండ. నీరు వేడెక్కినకొలది అందులో నిలుచు ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలుచునది 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగును. అమ్మోనియా విషమా, వేడిలో నింకను నెక్కువగును. పెరుగు తోడువేయు గిన్నెను ప్రతిదినమును కాచి కడుగుదుము. కాని తోడుచుక్కను వేఱొక గిన్నెలో దాచుకొందుము గదా! ఆ యెఱుక మాకు తొట్టివిషయమున లేకపోయినది. ఇందులో అంగడివాని తప్పేమియు లేదు, తొందరపాటు మాది.

మిగిలిన నాలుగు చేపలను దక్కించుకొనుటకు, రోజువిడిచి రోజు నాలుగవవంతు నీటిని తీసి, ఒకదినము బిందెలో నిలువయుంచిన నీటిని పోయుచు వచ్చితిమి. నిలువయుంచినచో బ్లీచింగుపొడివలన వచ్చిన క్లోరిను గాలిలో గలిసిపోవును. తిండి చిటికెడు, అదియు రెండుదినములకొకమాఱు. తొట్టిమీద తడిగుడ్డ పఱచి పంకా వేసితిమి. ఆఱవ వారమునకు తొట్టి తేరుకొన్నది. చేపలు తినుచున్నవి, తిరుగుచున్నవి. మీసములు మాత్రము మొలవలేదు.

ఇచ్చట నొక వాదము కలదు. మీసములరుగుట రాయి పదునువలననని కొందఱందురు. కాదు, రాళ్ల క్రింది కుళ్లులో పెరుగు సూక్ష్మజీవులు మీసములను తినివేయుననియు, శుభ్రమైన గులకరాళ్లమీద నిండు మీసములతో బ్రదుకు కోరీలు కలవనియు మఱికొందఱందురు. మేము చూచినంతలో రెండును నిజమే. రాయి గీసిన చోట కుళ్లు పుండు చేయును. పదునుమాట యటుంచినను, గులకరాళ్ల దోషమేమనగా, మురికిని దాచును. ఇసుకలో మురికి దిగజాలదు. పైననే నిలుచును, కంటికి గానవచ్చును, తీయవచ్చును. కావున ఇసుక మార్చుటకే నిశ్చయించితిమి.

అప్పుడు మా చుట్టములలో నొకాయన, “ఈ చేపలతొట్ల గొడవ మగపిల్లల వేడుక, ఆడవారికెందుకు?” అనెను. ఆయనకు మేము నోటితో చెప్పని యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాము. నీటిజీవులను పెంచి పరిశోధించుటకు గాజుతొట్టిని 1832లో నిర్మించినది జాన్ విల్‌ప్రో పవర్ అను ఫ్రెంచి స్త్రీ. ఆమె చెప్పులుకుట్టువాని కూతురు. పారిసులో కుట్టుపని చేసి బ్రదికి, 1816లో నొక రాజకుమారి పెండ్లిదుస్తులకు పనిచేసి పేరందెను. పెండ్లియైన పిదప సిసిలీద్వీపములోని మెస్సీనాలో కాపురముండెను. అచ్చటి సముద్రములో ఆర్గొనాటు అను జీవి యొకటి పలుచని యందమైన గుల్లలో నివసించును. ఆ గుల్ల దాని స్వంతమా, వేఱొక జీవినుండి దోచినదాయని పండితులు తగవులాడుచుండగా, ఆమె తన గాజుతొట్టిలో వానిని పిల్లలనాటినుండి పెంచి, గుల్లకు రంధ్రముచేసి, అవి తమంత తామే దానిని పూడ్చుకొనుట కన్నులార చూచి తగవు తీర్చెను. లండనునగరపు జంతుశాలలో చేపలగృహము తెఱచినది 1853లో మాత్రమే. ఈ వేడుక యెవరిదో మా చుట్టమే చెప్పవలెను.

ఇక ఇసుక సంగతి. ఎట్టి యిసుకయైనను పనికివచ్చునని తలపరాదు. ఇప్పుడు ఇండ్లు కట్టువారు విశేషముగ వాడు రోబో ఇసుక, రాతిని యంత్రములో పిండిచేసి తీసినది. దాని రేణువులకు అంచులు పదును. గోడకది మంచిదేగాని చేపమూతికి గాదు. సముద్రపుటిసుకలో ఉప్పును గుల్లపొడియును ఉండును. గుల్ల సున్నమే గనుక నీటిని కరకుచేయును. మా ప్రాంతపు బోరునీరు మొదలే కరకు, దానికి సున్నము కూడ తోడైనచో నేమి చెప్పవలె? ఇదే కారణమున ముగ్గుగిన్నెను పిల్లలు తొట్టిదగ్గఱకు తేకుండ చూచుకొనవలయును. అంగళ్లలో అమ్ము తళతళలాడు తెల్లయిసుక కన్నులకింపేగాని, లేతరంగు నేలమీద చేపలు తమ రంగు తగ్గించుకొని పాలిపోవును. మాకు అన్నిటికంటె నచ్చినది వాగుటిసుక. నీటిలో నెన్నో యేండ్లు దొర్లి దొర్లి అంచులరిగినది, గోధుమవన్నెది.

మా మండలములో కట్టలేరు పాఱుచున్నది. వేసవిలో ఇసుకబయలు, వానలలో దారి మూసివేయు వఱద. మా వీథిలో పిన్నిగారొకరు గదివేయుటకు ఆ యిసుకను తోలించుకొనియుండిరి. ఒక బకెట్టెడడిగిన, “చేపలకా?” యని నవ్వి రెండు బకెట్టులు పోయించిరి. మొదట పరీక్ష: గుప్పెడు ఇసుకమీద నిమ్మకాయ పిండి చెవియొగ్గి వినవలెను. వెనిగరున్న నింకను మంచిది. సోడావలె బుసబుసమనినచో సున్నమున్నదన్నమాట. మా యిసుక పలుకలేదు. తరువాత జల్లించుట. రేణువు గసగసాలకంటె లావుగా నుండరాదు, బొంబాయిరవ్వకంటె సన్నముగా నుండరాదు. మాకు తెలిసిన కొలత యిదే. రవ్వజల్లెడతో గరుసును, పిండిజల్లెడతో దుమ్మును తీసివేసితిమి. మఱునాడు మా యత్తగారు గోధుమపిండి జల్లింపబోయి, “ఏమమ్మాయ్, జల్లెడలో ఇసుకేమిటి? రేపు చపాతీలు మనకా, చేపలకా?” అనిరి. క్రొత్తజల్లెడ కొనుటకు నలువది రూపాయలైనవి. సోదరీమణులు ముందుగనే వేఱు జల్లెడ యుంచుకొందురుగాక.

జల్లించినదానిని బియ్యము గాలించునట్లు గాలించవలెను. తట్టలో కొంచెముగ పోసికొని, నీరు పట్టి, చేతితో త్రిప్పి, మురికినీటిని వంచుట. మాకు పదునాలుగు కడుగులకు నీరు తేటపడినది. పదవ కడుగునకు చాలునని తోచును, నమ్మరాదు. పిదప మూడుదినములు మేడమీద గుడ్డపై నెండబెట్టితిమి. మా తొట్టి యడుగునకు ఒకటిన్నర యంగుళము యెత్తున పోయుటకు సుమారు 12 కిలోల యిసుక పట్టినది. అంతకంటె విశేషముగ పోయుట మంచిది కాదు. ఇసుక పొర మందమైనచో అడుగుకు గాలి యాడక నల్లబడి, కుళ్లిన కోడిగ్రుడ్డువాసన గల వాయువు పుట్టును. అదియు చేపలకు విషమే.

ఆషాఢములో నెండలు తగ్గి రెండు వానలు పడిన పిమ్మట పని మొదలుపెట్టితిమి. ఈమాఱు తొందరపడలేదు. ఒక పాత ఓణీగుడ్డను చించి సంచికుట్టి, దానిలో నాలుగు గుప్పెళ్ల పాత గులకరాళ్లను, కడుగకయే, పోసి మూతికట్టి తొట్టిలో నొకమూల వ్రేలాడదీసితిమి. ఇది మా తోడుచుక్క. ఫిల్టరును తాకనైనను తాకలేదు. తొట్టినీటిని సగము రెండు బిందెలలోనికి తోడి, చేపలను ఆ నీటిలోనే ఉంచి, బిందెమీద గుడ్డకప్పితిమి. ఏలయన రాళ్లు కదలించినప్పుడు లేచు మురికిలో చేపలుండరాదు. తొట్టిలో నెడమవైపు సగము రాళ్లను మాత్రమే చిన్న గిన్నెతో మెల్లగ తోడితిమి. లేచిన మురికిని రబ్బరుగొట్టముతో పీల్చివేసితిమి. ఒక సత్తుపళ్లెమును అడుగున నుంచి, తడియిసుకను గరిటెతో దానిమీద జార్చి, పళ్లెమును వంచితిమి. పైనుండి కుమ్మరించినచో తొట్టియంతయు పాలవలెనగును. మోటారును ఇసుక సర్దుకొనువఱకు ఆపియుంచితిమి. దాని నోటిని నాలుగంగుళములు పైకెత్తి కట్టితిమి. ఒక్క యిసుకరేణువు లోపల చిక్కినను మోటారు గరగరమని చెడిపోవును. మోటారును చిరకాలము ఆపుటయు తగదు, స్పంజిలోని జీవులకు పాఱు నీరు కావలెను. మేము రెండు గంటలలో పని ముగించితిమి. రెండు వారములకు కుడివైపు సగము. ఇంకొక మూడు వారములకు సంచిని తీసివేసితిమి. ఒక్క చేపకును ముప్పురాలేదు.

ఇసుకమీద విడిచిన మొదటి గంట అవి కదలలేదు. తరువాత నొకటి మెల్లగ మూతిని దింపి, కన్నులదాక గ్రుచ్చి, మొప్పలనుండి యిసుకను రెండు సన్నని ధారలుగ విడిచినది. పదునైదు మాసములు మా యింటనుండి ఆ చేప యా పని చేయుట అదియే మొదలు! ఎవరును నేర్పలేదు. తొట్టిలో పుట్టినదేమో, తల్లినైన చూచియెఱుగదు. మా యమ్మాయి ఆ నాడు బడికి ఆలస్యముగ పోయినది, మేమేమియు ననలేదు. భాద్రపదము వచ్చునప్పటికి మూడింటికి మీసములు వడ్లగింజలోని ముల్లంత మొలచినవి. నాలుగవదానికి మొదలే చెడినందున రాలేదు. మూతితోనే వెదకికొని తినుచున్నది. దానికి మాత్రము రాత్రి దీపమాపిన తరువాత తిండి దాని యెదుటనే పడునట్లు వేయుచున్నాము.

పిదప చేయవలసిన చాకిరి కొంచెమే. వారమునకొకమాఱు రబ్బరుగొట్టమును ఇసుకకు నంగుళము పైన పట్టి చిన్నగ త్రిప్పిన, తేలికైన మురికి లేచిపోవును, బరువైన యిసుక క్రిందనే నిలుచును. చాటతో చెఱిగినప్పుడు పొట్టు ముందునకును గింజ వెనుకకును పోవుట యెట్టిదో ఇదియు నట్టిదే. చేపలు త్రవ్వని మూలలను వ్రేలితో కదుపవలెను. మన కాలువలలోను చెఱువులలోను దొరకు, సన్నగ శంకువువలె పొడవుగ నుండు చిన్న నత్తలు పగలు ఇసుకలో దూఱి దానిని గుల్లచేయుచుండును. నాలుగు వేసికొన్న మేలే, కాని తిండి మితిమీఱినచో నాలుగు నాలుగువందలగును.

ఇంత వ్రాసినపిమ్మట నొక యింటిగుట్టు చెప్పవలెను. ఇసుకలో బ్రదుకు చేపకై దక్షిణ అమెరికాదాక పోనక్కఱలేదు. మన జెల్లలకును మీసములున్నవి. మన యిసుకదొందు పేరులోనే యిసుకయున్నది. ఇక బొమ్మిడాయి చెప్పనేల. కొల్లేటివారు మొదలు మావారివఱకు దీని పులుసు తెలియనివారరుదు. బూడిదతోనో కల్లుప్పుతోనో రుద్ది జిగురు తీయునప్పుడు వెన్నుమీది ముండ్లు గ్రుచ్చుకొననివారును అరుదే. పులుసులో తప్ప దాని బ్రదుకెట్టిదో మేమెన్నడును చూడలేదు. భాద్రపదమున కట్టలేటికి నీరు వచ్చినప్పుడు మా పాలేరు వ్రేలంత పొడవున్న పిల్లనొకదానిని సీసాలో తెచ్చి మా యమ్మాయికిచ్చెను. తొట్టిలో విడిచిన రెప్పపాటులో నది మాయమైనది. ఎగిరి పడినదేమోయని బల్లక్రింద వెదకితిమి. తుదకు కోరీల ప్రక్కన ఇసుకలోనుండి సన్నని ముక్కొకటి, కొనయందు మూడుచీలికలతో, కదలుచుండుట కనబడినది. శరీరమంతయు ఇసుకలోనే! గులకరాళ్లున్నచో నీ పిల్ల దాగబోయి యొడలంతయు గీఱుకొనియుండునని తలచుకొన్న భయమైనది.

దీని తోకవైపు ఱెక్కమొదట వరుసగ కన్నులవంటి నల్లని చుక్కలున్నవి, చుట్టును లేతరంగు అంచుతో. బొమ్మిడాయిలలో కొన్ని జాతులకే యివి యుండును. చుక్కలుగల యట్టి జాతినొకదానిని విదేశములలో వర్తకులు నెమలిపేరు పెట్టియే యమ్ముదురట. మా యూరనుకొని మా యమ్మాయి మిక్కిలి గర్వపడినది. మా యత్తగారుమాత్రము తొట్టిముందు నిలిచి, “ఇంకొంచెం పెరగనీ, చింతకాయలు కూడా వస్తాయి” అని ప్రతిదినమును దానిని బెదరించుచున్నారు. నిజమునకు పెరిగినచో మా తొట్టి చాలదు. బొమ్మిడాయిలలో మూరకు మించి పెరుగునవియు కలవు. జానెడైన వెంటనే దానిని పట్టిన చోటనే, కట్టలేటిలోనే, విడుతుమని మా యమ్మాయికి మాటయిచ్చితిమి.

ఈ విడుచుట మన వాగు చేపకు మాత్రమే చెల్లునని గట్టిగ చెప్పవలసియున్నది. తొట్టి తుడుచు చేపలని అంగళ్లలో అమ్మునవి మఱియొక జాతి కలవు. ఒడలంతయు గరుకు కవచము, గాజునంటుకొను నోరు. వ్రేలంతగా నున్నప్పుడు ముద్దుగ నుండును, మూరెడు పెరుగును. అంత పెరిగినదానిని చంపలేకయు, ఉంచలేకయు, పుణ్యమని కాలువలో విడిచినవారెవరో, ఎందఱో! నేడవి మన రాష్ట్రపు కాలువలలోను చేపలచెఱువులలోను పెరిగి, వలలు చింపి, గట్లు తొలిచి, రైతుల చేపల తిండిని తినివేయుచున్నవి. పత్రికలు దానిని దెయ్యపుచేప యని వ్రాయుచున్నవి. దెయ్యము దక్షిణ అమెరికానుండి తనంతట నడచిరాలేదు గదా! పెంచజాలనివారు కొనకుండుట మేలు; కొన్నవారు అంగడివానికే తిరిగి యిచ్చుట మేలు. కోరీలనైనను వాగులో విడువరాదు.

బొమ్మిడాయి నుంచుకొనదలచినవారికి రెండు మాటలు. తొట్టికి మూత గట్టిగ నుండవలెను. గొట్టము దూఱు సందుననైన నది వెలికి జాఱును. మేము మూతమీద రోకలిబండ పెట్టితిమి, ఇంకను మంచియుపాయము దొరకలేదు. ఎండు తిండిని మొదట ముట్టదు. పెరటి తడిమట్టిలోని ఎఱ్ఱలు కావలెను, అదియు చీకటిపడిన తరువాత.

ఇది వ్రాయునప్పటికి రాత్రి తొమ్మిది గంటలైనది. ముందుగది దీపమాపినారు. మా యమ్మాయి కొబ్బరిచిప్పలో మూడు ఎఱ్ఱలతో తొట్టిప్రక్కన నిలిచి, ముక్కు బయటికి వచ్చినది, త్వరగ రమ్మని పిలుచుచున్నది.